ఇంట్లో కొలిమి పెట్టాలనుకునేవారికి: హైదరాబాద్‌లో చోటు, దాగలి, నిప్పు ఎలా ఎంచుకోవాలి

ఇనుము కాచి, సాగగొట్టి, చేత్తో ఒక వస్తువు చేయాలన్న కోరిక పుట్టినవారు ముందుగా అడిగేది దాదాపు ఒకటే: గ్యాస్ కొలిమి మంచిదా, బొగ్గు కొలిమి మంచిదా? అడగవలసిన ప్రశ్నే గాని, దాని వంతు మూడోది. కొలిమిని ఒక్క పూటలో విప్పి మరొకటి కట్టుకోవచ్చు. బొగ్గుతో మొదలుపెట్టి ఏడాది తరువాత గ్యాస్‌కు మారినా పోయేది కొంచెం డబ్బే. కొలిమి పెట్టే చోటు, దాని పక్కన నిలబెట్టే దాగలి (కాగిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె) అలాంటివి కావు. చోటు కుదరకపోతే పొగ వల్లనో, మోత వల్లనో, పొరుగువారితో పేచీ వల్లనో పని ఆగిపోతుంది. దాగలి నాసిరకమైతే కొట్టిన దెబ్బలో చాలా భాగం దానిలోనే ఇంకిపోతుంది. ఇనుము సాగదు, చేయి నొప్పి పుడుతుంది, లోపం తమలోనే ఉందనుకుని కొత్తగా నేర్చుకునేవారు మానేస్తారు. అందుకే ముందు చోటు తేల్చుకోండి, తరువాత దాగలి, ఆ తరువాతే నిప్పు. డబ్బు కూడా ఆ వరుసలోనే ఖర్చు పెట్టండి.

ఇది వ్యాపారం పెట్టాలనుకునేవారి కోసం రాసినది కాదు. ఉద్యోగమో చదువో చేసుకుంటూ, వారంలో ఒకటి రెండు పూటలు కొలిమి ముందు నిలబడాలనుకునేవారి కోసం.

అపార్ట్‌మెంటా, పెరడా, అద్దె షెడ్డా

అపార్ట్‌మెంటులో ఉండేవారికి సూటిగా చెప్పాలి: అక్కడ కొలిమి వద్దు. బాల్కనీలో కుదరదని అందరికీ తెలుసు గాని టెర్రస్ మీద చాలామందికి ఆశ ఉంటుంది. గాలి ఉంది, వెలుతురు ఉంది, పగటిపూట ఎవరూ రారు అనుకుంటారు. కానీ దాగలి మీద పడే ప్రతి దెబ్బ స్లాబు గుండా కింది ఇంటి గదుల్లోకి దిగుతుంది. అక్కడి నీళ్ల ట్యాంకులు, పైపులు ప్లాస్టిక్‌వి. ఆరేసిన బట్టలుంటాయి, కేబుల్ తీగలుంటాయి. అంత ఎత్తులో వీచే గాలి నిప్పురవ్వలను ఎటు తీసుకుపోతుందో ఎవరూ చెప్పలేరు. ఎర్రగా కాలిన ముక్క చేజారి కాంక్రీటు మీద పడితే లోపలి తేమ ఆవిరై, పెచ్చులు టపాసుల్లా చిట్లి కళ్లలోకి ఎగురుతాయి.

సెల్లారు ఇంకా ప్రమాదం. వంటగ్యాస్ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా నేల మీద పరుచుకుంటుంది, సెల్లారులాంటి పల్లంలో నిలిచిపోతుంది. బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. చుట్టూ పెట్రోలు నిండిన బండ్లు నిలబడి ఉంటాయి. అసోసియేషన్ అధ్యక్షుడు మీకు ఎంత దగ్గరివారైనా సరే, ఆ అనుమతి అడగకండి.

సొంత ఇల్లు, వెనుక కొంచెం పెరడు ఉన్నవారు అదృష్టవంతులు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉంటే ఒక మనిషి పనికి చాలు. నేల మట్టిదైతే ఎంతో మేలు. బండలు పరచి ఉంటే కొలిమికీ దాగలికీ మధ్య నాలుగు బండలు తీసేసి ఇసుకో మొరమో నింపండి. పైన రేకు వేయాలి గాని నాలుగు వైపులా గోడలు కట్టకూడదు. కనీసం రెండు వైపులు పూర్తిగా తెరిచి ఉంటేనే పొగ, విషవాయువు నిలవకుండా పోతాయి. వేప కొమ్మలు, తాటాకు పందిరి, ఎండిన ఆకుల కుప్ప రేకుకు దగ్గరలో ఉండకూడదు.

రేకు వాన కోసం మాత్రమే కాదు, నీడ కోసం కూడా. ఇనుము ఎంత కాగిందో చెప్పేది దాని రంగు. హైదరాబాద్ వేసవి ఎండలో నారింజ రంగుకు వచ్చిన కడ్డీ కూడా ఇంకా నల్లగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకొంచెం కాగనివ్వాలనుకుని లోపలే ఉంచితే అది కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్మి కాలిపోతుంది. కాబట్టి పడమర వైపు ఒక రేకు నిలబెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే పని ముగించడం రంగు కోసమూ మంచిది, ఒంటికీ మంచిది.

ఇక మోత సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. దాగలి దగ్గర సుత్తి దెబ్బ 100 డెసిబెళ్లు దాటగలదు. దూరం, ప్రహరీ గోడ కొంత తగ్గిస్తాయి. దాగలిని ఇసుక నింపిన పెట్టెలో కూర్చోబెట్టి, దాని నడుముకు బరువైన గొలుసు బిగించి చుడితే గంటలా మోగడం చాలావరకు పోతుంది. అయినా నియమాలకంటే ముందు పొరుగువారిని తలచుకోండి. పక్కింట్లో పసిపిల్లలున్నారా, పరీక్షలకు చదివేవాళ్లున్నారా, రాత్రి ఉద్యోగం చేసి పగలు నిద్రపోయేవాళ్లున్నారా అన్నది మొదటి బొగ్గు వెలిగించకముందే వెళ్లి అడగాలి. ఈ నగరంలో అలాంటివారు లేని వీధి అరుదు. ఫలానా రోజు, ఫలానా గంటలు అని ముందుగా చెప్పి ఆ మాట మీద నిలబడితే చాలామంది ఓర్చుకుంటారు.

మూడో దారి అద్దె షెడ్డు. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, చర్లపల్లి, కుషాయిగూడ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో మోత గురించి ఎవరూ అడగరు. ఉక్కు, యంత్రాలు, ఉక్కును కాచి గట్టిపరిచే వేడి శుద్ధి (హీట్ ట్రీట్‌మెంట్) కేంద్రాలు అన్నీ అందుబాటులో ఉంటాయి. కానీ వారానికి ఒక పూట పని కోసం నెల పొడవునా అద్దె కట్టాలి, రానుపోను ట్రాఫిక్‌లో ఓపికంతా పోతుంది. ఒంటరిగా పెట్టుకుంటే ఇది నిలబడదు. ఇదే ఇష్టం ఉన్నవారు నలుగురు కలిసి తీసుకుంటే నిలబడుతుంది.

ఎక్కువమంది తలపెట్టని నాలుగో దారి ఒకటుంది, అపార్ట్‌మెంటు వాసులకు నేను ముందుగా సూచించేది అదే. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు లేని కాలనీ లేదు. ఆ యజమానితో మాట్లాడి, షాపు సెలవు రోజున ఒక మూల వాడుకోవడానికి నెలకింత అని ఒప్పుకోండి. గ్రైండరు, వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది), డ్రిల్లింగ్ మిషను, కరెంటు అక్కడే ఉంటాయి. మీరు తీసుకెళ్లవలసింది చిన్న కొలిమి, దాగలి మాత్రమే. పని తెలిసిన మనిషి పక్కన ఉండటం అన్నిటికంటే పెద్ద లాభం.

ఏ దారి ఎంచుకున్నా, ముందుగా నడుస్తున్న ఒక కొలిమి దగ్గర కొన్ని గంటలు కూర్చోండి. నగర శివార్లలోని ఊళ్లలో కమ్మరులు ఇంకా ఉన్నారు. భవన నిర్మాణం జరిగే ప్రాంతాల్లో రోడ్డు పక్కన కొలిమి పెట్టి గడ్డపారలకు, ఉలులకు మొనలు సాగదీసే కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ల దగ్గర ఒక కొడవలో గడ్డపారో చేయించుకుని, అడిగినంత ఇచ్చి, పని చూస్తామని మర్యాదగా అడగండి. ఇనుము ఏ రంగులో బయటికి తీస్తున్నారు, ఎన్ని దెబ్బలకు మళ్లీ నిప్పులో పెడుతున్నారు అన్న రెండు విషయాలు చూస్తే చాలు, పుస్తకంలో దొరకని చదువు దొరుకుతుంది. ఫోను జేబులోనే ఉంచండి. వీడియో తీయాలంటే అడిగి తీయండి.

దాగలి: బరువు, గట్టిదనం, కాగితాలు

రాణిగంజ్ హార్డ్‌వేరు దుకాణాల్లో ఒక చివర మొనదేలిన కొమ్ముతో, పైన వెడల్పైన చదును ముఖంతో, రంగు వేసిన దాగళ్లు కనిపిస్తాయి. కొత్తవారికి వాటి మీదే కన్ను పడుతుంది. వాటిలో చవకవి చాలావరకు పోత ఇనుముతో పోసినవి. పోత ఇనుము పెళుసు, అంచులు చిట్లుతాయి. అంతకంటే ముఖ్యంగా అది సుత్తిని వెనక్కి తన్నదు. మంచి ఉక్కు దాగలి మీద సుత్తి దానంతటదే పైకి లేస్తుంది; చేయి దాన్ని దారిలో పెడితే చాలు. పోత ఇనుము మీద ప్రతిసారీ మీరే ఎత్తాలి. ఒక గంట కొట్టాక ఈ తేడా భుజానికి తెలుస్తుంది.

దుకాణంలోనే పరీక్ష చేయవచ్చు. ఒక బేరింగు గోళీ జేబులో వేసుకెళ్లండి. అడుగు ఎత్తు నుంచి దాగలి ముఖం మీద వదలండి. ఏడెనిమిది అంగుళాలు, అంతకంటే పైకి లేస్తే మంచి ఉక్కు. నాలుగైదు అంగుళాలకే ఆగిపోతే పక్కన పెట్టండి. ముఖమంతా నాలుగైదు చోట్ల వదిలి చూడండి, ఎందుకంటే మధ్యలో గట్టిగా ఉండి అంచుల్లో మెత్తగా ఉండేవి ఉంటాయి. గోళీ పరీక్షకు ఒప్పుకోని దుకాణదారు దగ్గర కొనవద్దు.

అసలైన ఉక్కు దాగలి, సాగగొట్టి చేసినదైనా ఉక్కు పోత అయినా, ఖరీదు ఎక్కువ. డబ్బుంటే కొనండి, అది మీ మనవల దాకా ఉంటుంది. లేకపోతే బాధపడనక్కర్లేదు. మన పల్లె కమ్మరి దాగలికి చాలాచోట్ల కొమ్ము ఉండదు. మొద్దులో దిగ్గొట్టిన ఒక చదరపు ఉక్కు దిమ్మె అంతే. నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి, బండి చక్రపు కమ్మీ అన్నీ దాని మీదే తయారయ్యాయి. నగరంలో దాన్ని సంపాదించడం తేలిక. ఉక్కు దుకాణంలో ఈఎన్8 రకం (మధ్యరకం కార్బన్ ఉక్కు) చదరపు లేక గుండ్రని కడ్డీ అడగండి, కావలసిన పొడవుకు వాళ్లే కోసి, తూచి ఇస్తారు. 100 మిల్లీమీటర్ల చదరంలో 300 మిల్లీమీటర్ల ముక్క 23 కిలోల పైచిలుకు తూగుతుంది. 150 చదరంలో అదే పొడవైతే 53 కిలోలు. దాన్ని పడుకోబెట్టకుండా నిలువుగా నిలబెట్టండి. ముఖం చిన్నదిగా కనిపించినా సుత్తి ముఖం అంతకంటే చాలా చిన్నది, ఒకేసారి దెబ్బ పడే చోటు అంతే. నిలువుగా నిలబెడితే మొత్తం బరువు ఆ దెబ్బ కిందకే వస్తుంది. ఒక అంచును గ్రైండరుతో కొంచెం గుండ్రం చేసి, మరో అంచును చురుగ్గా ఉంచుకుంటే వంచడానికీ మెట్టు తీయడానికీ రెండూ పనికొస్తాయి. వంపులకు కొమ్ము కావాలంటే ఒక లావు గుండ్రని కడ్డీ ముక్కను వైస్‌లో బిగించుకోవచ్చు.

ఇంకా తక్కువలో కావాలంటే పాత ఇనుము దుకాణంలో పెద్ద సమ్మెట తల వెతకండి. ఎనిమిది, పది కిలోలదైతే దాన్ని కట్టె మొద్దులో సగానికి పైగా దిగేలా బిగించండి. చిన్న పనులకు ఇది నిజంగా బాగుంటుంది. మొద్దుకు తుమ్మ, వేప మంచివి. బోయిగూడ కట్టె అడితీల్లో కావలసిన ఎత్తుకు కోయించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. రైలు పట్టా ముక్క దాగలిగా బాగుంటుందని ఎక్కడ చూసినా చెబుతారు. ఉక్కు మంచిదే. కానీ మన దేశంలో రైల్వే ఆస్తి చట్టవిరుద్ధ స్వాధీనం మీద 1966 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. దొంగసొత్తు అన్న సహేతుకమైన అనుమానం వస్తే, అది సక్రమంగానే వచ్చిందని నిరూపించుకోవలసింది దాన్ని దగ్గర పెట్టుకున్నవారే. వేలంలో కొన్న కాగితాలు, బిల్లు చూపించని పాత ఇనుము దుకాణంలో ఆ ముక్కను ముట్టుకోవద్దు. ఈఎన్8 దిమ్మె ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

ఎత్తు గురించి కొంత ఆలోచించాలి. మన కమ్మరులు చాలామంది నేల మీద కూర్చుని పనిచేస్తారు. ఎదురుగా సమ్మెట కొట్టే మనిషి నిలబడతాడు. ఇద్దరి పనికి ఆ ఎత్తు సరిపోతుంది. ఒంటరిగా పనిచేసేవారు, అందులోనూ కొత్తవారు, నిలబడి చేయడమే క్షేమం. ఎర్రని ముక్క జారితే కాలు వెనక్కి తీయగలగాలి. చేయి కిందికి వేలాడదీసి పిడికిలి బిగిస్తే వేళ్ల కణుపులు ఎక్కడికి వస్తాయో అక్కడికి దాగలి ముఖం రావాలి.

నిప్పు: కట్టె బొగ్గు, నేలబొగ్గు, గ్యాస్

మూడింటితోనూ ఇనుము కాగుతుంది. మెత్తని ఇనుము చక్కగా సాగడానికి నారింజ నుంచి పసుపు రంగు వరకు, అంటే సుమారు 1000 నుంచి 1200 డిగ్రీల సెల్సియస్ కావాలి. తేడా పొగలో, ఖర్చులో, ఓపికలో ఉంది.

నేలబొగ్గును ముందే పక్కన పెట్టేయవచ్చు. మనకు దగ్గరలో దొరికేది సింగరేణి బొగ్గు. అది విద్యుత్ కేంద్రాలకు, బాయిలర్లకు పనికొచ్చే రకం. కమ్మరి పనికి కావలసిన బొగ్గు వేడికి కరిగి గడ్డకట్టి కోకుగా మారాలి, అది నిప్పు చుట్టూ గుల్లలా నిలబడి వేడిని పట్టి ఉంచుతుంది. సింగరేణి బొగ్గుకు ఆ గుణం లేదు. ఆ గుణం ఉన్నది ఝార్ఖండ్ గనుల నుంచి రావాలి. ఏ బొగ్గయినా మొదట పసుపు పచ్చని, గంధకపు వాసన వేసే పొగ వదులుతుంది. ఇళ్ల మధ్య అది న్యాయం కాదు. షెడ్డులో పనిచేసేవారు తయారైన కోకు తెచ్చుకోవచ్చు గాని, దాన్ని రగిలించడానికి, ఆరకుండా ఉంచడానికి గాలి ఆపకుండా ఊదుతూ ఉండాలి. మొదటి ఏడాదికి వద్దు.

కట్టె బొగ్గు అంటే చాలామందికి చులకన, ఇస్త్రీ బండికీ కబాబులకూ తప్ప పనికిరాదన్నట్టు మాట్లాడతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (చిన్న మట్టి పాత్రల్లో) కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ ఉక్కు కరిగింది కట్టె బొగ్గు నిప్పులోనే. గంధకం దాదాపు ఉండదు కాబట్టి ఇనుము శుభ్రంగా కాగుతుంది. రాజుకున్నాక పొగ నామమాత్రం. చిట్టెం (మలినాలు కరిగి గట్టిపడిన ముద్ద) పేరుకోదు. లోపం ఏమిటంటే త్వరగా కాలిపోతుంది, గాలి ఊదగానే రవ్వలు ఎగురుతాయి. అందుకే దానికి లోతైన కొలిమి కావాలి.

ఈ కొలిమి కట్టడానికి ఖర్చు చాలా తక్కువ. పాత ఇనుప తొట్టెలో పుట్టమట్టి, ఇసుక, కొంచెం బూడిద కలిపి మెత్తి, మధ్యలో జానెడు వెడల్పు, ఆరంగుళాల లోతు గుంట ఉంచండి. గుంట అడుగుకు రెండు మూడు అంగుళాల పైన, పక్క నుంచి ఒక ఇనుప గొట్టం ద్వారా గాలి రావాలి. ఆ గొట్టం జీఐది (జింకు పూసినది) కాకూడదు. ఎందుకో ఇనుము దగ్గర చెబుతాను. మట్టి నీడలో నెమ్మదిగా ఆరాలి, బీటలు వస్తే మళ్లీ మెత్తాలి. లారీ బ్రేకు డ్రమ్ముతోనూ చేయవచ్చు, ఆటోనగర్‌లో పాతవి దొరుకుతాయి. నాకు మట్టి తొట్టే ఇష్టం, ఎందుకంటే గుంట ఆకారాన్ని పనిని బట్టి మార్చుకోవచ్చు. బొగ్గును నిమ్మకాయంత ముక్కలుగా కొట్టి వేయండి. పెద్దవైతే సందుల్లోంచి గాలి నేరుగా ఇనుముకు తగిలి దాని మీద నల్లని పొట్టు కడుతుంది. పొడి అయితే గాలికి ఎగిరిపోతుంది. కడ్డీని గొట్టం మూతి ముందు పెట్టకండి, దానికి మూడు నాలుగు అంగుళాల పైన, బొగ్గుల నడుమ అడ్డంగా పెట్టండి. అక్కడ గాలిలోని ఆక్సిజన్ అప్పటికే ఖర్చయిపోయి వేడి మాత్రమే మిగులుతుంది.

గాలికి కరెంటు బ్లోయరా, చేత్తో తిప్పేదా? కట్టె బొగ్గుకైతే సందేహం లేకుండా చేత్తో తిప్పేదే. మీరు దాగలి దగ్గరికి వెళ్లగానే గాలి ఆగుతుంది, బొగ్గు మిగులుతుంది. కరెంటుది అలా వదిలేస్తే మీరు కొడుతున్నంతసేపూ నిప్పు తింటూనే ఉంటుంది. కరెంటుదే కొంటే గాలిని తగ్గించే తలుపు ఉన్నది చూడండి. తోలు తిత్తి అందంగా ఉంటుంది, చక్కగా ఊదుతుంది, కానీ కుట్టేవారు, తోలును నూనెతో సాకే ఓపిక రెండూ ఉండాలి.

ఇక గ్యాస్. వాల్వు తిప్పి వెలిగిస్తే పది నిమిషాల్లో సిద్ధం, పొగ లేదు, రవ్వలు లేవు, వేడి అంతటా సమానం. కత్తులు చేసేవారికి ఇది చాలా అనుకూలం. వెల్డింగ్ షాపు మూలలో పనిచేసేవారికి కూడా, పని ముగించి కొలిమిని మోసుకుపోవచ్చు కాబట్టి. అయితే మూడు విషయాలు తెలియకుండా దిగకూడదు. ఒకటి, ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరును ఇలాంటి పనికి వాడటం 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. వాణిజ్య అవసరాలకిచ్చే 19 కిలోల సిలిండరు తీసుకోవాలి. చిన్న సిలిండరు నుంచి గ్యాస్ వేగంగా లాగితే అది చల్లబడి మంట బలహీనపడుతుంది కూడా. రెండు, వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి ఈ బర్నరుకు చాలదు. ఒత్తిడి పెంచి తగ్గించుకునే హై ప్రెషర్ రెగ్యులేటరు, దానికి తగిన గొట్టం కావాలి. ప్రతిసారీ సబ్బు నురగతో కీళ్లన్నీ పరీక్షించాలి. మూడు, కొలిమి లోపల పరిచే సిరామిక్ ఊలు. 1260 డిగ్రీలకు తట్టుకునే రకం, అంగుళం మందంలో రెండు పొరలు వేస్తారు. దాని సన్నని పోగులు ఊపిరితిత్తులకు చేటు. కోసేటప్పుడు మాస్కు తప్పదు. పైన వేడి తట్టుకునే సిమెంటు పూత పూయకుండా ఎప్పుడూ వెలిగించకూడదు. పూత లేని కొలిమిని చవకగా అమ్ముతున్నారంటే ఆ పని మీకు వదిలేశారని అర్థం.

గ్యాస్ కొలిమికి ఇంకో హద్దు ఉంది: దాని నోరెంతో మీ వస్తువు అంతే. వంపులు తిరిగిన గ్రిల్ ముక్క, గడ్డపార మధ్యభాగం లాంటివి అందులో దూరవు. బొగ్గు నిప్పులో ఎంత పొడుగు కడ్డీనైనా కావలసిన చోట మాత్రమే కాచుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారు చోటు కుదిరితే మొదట బొగ్గుతోనే చేయాలని నేననడానికి ఇది ఒక కారణం. నిప్పును చూసుకోవడం నేర్చుకుంటారన్నది మరో కారణం. కరెంటుతో కాచే ఇండక్షన్ యంత్రాల గురించి కూడా కొందరు అడుగుతున్నారు. పనికొచ్చే పరిమాణం ఉన్నవాటికి త్రీ ఫేజ్ కనెక్షన్, నీళ్లతో చల్లార్చే ఏర్పాటు కావాలి. అది షెడ్డు మాట.

సుత్తి, పటకారు, ఇనుము

సుత్తి ఒకటి చాలు. 800 గ్రాముల నుంచి కిలో వరకు, ఒక వైపు ముఖం కొంచెం ఉబ్బుగా, అంచులు గుండ్రంగా ఉన్నది. దుకాణం నుంచి వచ్చిన కొత్త సుత్తి అంచులు చురుగ్గా ఉంటాయి, అలాగే కొడితే ఇనుము మీద నెలవంక గాట్లు పడతాయి. ఆకురాయితో గుండ్రం చేసుకోండి. రెండు కిలోల సుత్తితో పని త్వరగా అవుతుందనుకోవద్దు. గురి తప్పుతుంది, మోచేయి వాస్తుంది.

పటకార్లు మొదట్లో అక్కర్లేదు. రెండడుగుల కడ్డీ తీసుకుని, ఒక చివర చేతిలో ఉంచుకుని మరో చివర పని చేసి, అయ్యాక కోసేయండి. పటకారు అవసరం వచ్చినప్పుడు, మీరు వాడే కడ్డీ మందం చూపించి కమ్మరి దగ్గర ఒకటి చేయించుకోండి. నోరు సరిపోని పటకారు ఎంత ఖరీదైనదైనా ప్రమాదమే.

ఇనుములో ఎంపిక తేలిక. పదో పన్నెండో మిల్లీమీటర్ల గుండ్రని, చదరపు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తని ఉక్కు) కడ్డీలు కొనండి. ఇంటి స్లాబుకు వేసే టీఎంటీ చువ్వలు చవకగా దొరుకుతాయి గాని వాటి గాడులు మడతలు పడి పగుళ్లవుతాయి. గట్టి అంచు కావలసిన ఉలి, కత్తి లాంటివాటికి లారీ కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఆటోనగర్‌లో దొరుకుతాయి. మంచి ఉక్కే, కానీ ఏళ్ల తరబడి బరువు మోసినవి కాబట్టి కంటికి కనిపించని పగుళ్లుండవచ్చు. వాటిని మసక ఎరుపు కంటే కింది వేడిలో కొట్టకండి. పదును పెట్టేటప్పుడు, అంటే కాచి ముంచి గట్టిపరిచేటప్పుడు, నీళ్లలో ముంచితే పగిలే అవకాశం ఉంది, గోరువెచ్చని నూనెలో ముంచాలి. ఎంత కాచాలన్నది అయస్కాంతం చెబుతుంది: సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అది దాటి కొంచెం కాగనిచ్చి ముంచండి. నూనె డబ్బా ఇనుముదై ఉండాలి, దానికి బిగుతైన మూత పక్కనే ఉండాలి.

జీఐ పైపులు, జింకు పూసిన రేకులు, మెరుగు పూత ఉన్న బోల్టులు నిప్పులో పెట్టకండి. జింకు సుమారు 907 డిగ్రీలకే మరిగి తెల్లని పొగవుతుంది. అది పీల్చిన కొన్ని గంటలకు చలిజ్వరం, వణుకు వస్తాయి. పాత ఇనుము దుకాణంలో పూత ఉందో లేదో తెలియని ముక్క ఎంత చవకైనా వదిలేయండి.

కత్తుల మీద మోజుతోనే చాలామంది ఈ పనిలోకి వస్తారు. వంటింటి కత్తి, కొడవలి, కత్తిపీట చేసుకోవచ్చు. ఇంటి, వ్యవసాయ, పారిశ్రామిక అవసరాలకు కాక, తొమ్మిది అంగుళాలకు మించి పొడవో రెండంగుళాలకు మించి వెడల్పో ఉన్న కత్తులు, ఖడ్గాలు, బాకులు ఆయుధాల చట్టం కింద లెక్కకు వస్తాయి. అవి చేసే ఆలోచన ఉంటే ముందు లైసెన్సు సంగతి తెలుసుకోవాలి.

ఒంటి మీద ఉండవలసినవి

కళ్లద్దాలు, చెవులకు మూతలు, తోలు బూట్లు, నూలు బట్టలు. వీటిలో వాయిదా వేయదగినది ఏదీ లేదు. పాలిస్టరు కరిగి చర్మానికి అంటుకుంటుంది కాబట్టి షర్టు, ప్యాంటు రెండూ నూలువే వేసుకోవాలి. ప్యాంటు అంచు బూటు మీదుగా కిందికి పడాలి, లోపలికి దోపకూడదు. చెప్పులతో కొలిమి దగ్గరికి రాకూడదు. పటకారు పట్టే చేతికి తోలు తొడుగు ఉండవచ్చు, సుత్తి చేతికి వద్దు, పట్టు జారుతుంది. నల్లగా కనిపించే ఇనుమే ఎక్కువగా కాలుస్తుంది. రంగు పోయినా అది నాలుగైదు వందల డిగ్రీల్లో ఉండవచ్చు. ముట్టుకునే ముందు అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి వేడి చూడండి. కాలితే ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీళ్ల కింద ఉంచండి. నెయ్యి, టూత్‌పేస్టు, పసుపు రాయవద్దు. కాలిన గాయం పెద్దదైతే ఆసుపత్రికి వెళ్లాలి. బకెట్ నీళ్లు, బకెట్ ఇసుక ఎప్పుడూ చేతికందే దూరంలో ఉండాలి. పని ముగిశాక నిప్పు పూర్తిగా చల్లారే దాకా అక్కడే ఉండండి.

ఎవరికి ఏది

పెరడు ఉన్నవారికి: మట్టి తొట్టి కొలిమి, చేత్తో తిప్పే బ్లోయరు, ఈఎన్8 దిమ్మె, ఒక సుత్తి. రక్షణ సామగ్రి, కడ్డీలు కాక మొదటి విడతలో ఇంతకు మించి కొనకండి. అపార్ట్‌మెంటులో ఉన్నవారికి: వెల్డింగ్ షాపులో ఒక మూల, మోసుకుపోగల చిన్న గ్యాస్ కొలిమి, షాపు పేరు మీదున్న వాణిజ్య సిలిండరు. అక్కడ దిమ్మెను వదిలి రావచ్చు, ఎవరూ ఎత్తుకుపోలేని బరువున్నది తీసుకోండి. శివార్లలో ప్లాటో తోటో ఉన్నవారు పెరడు ఉన్నవారిలాగే మొదలుపెట్టవచ్చు. కానీ కరెంటు, నీళ్లు, పక్కన ఒక మనిషి, ఈ మూడూ లేనిచోట ఒంటరిగా నిప్పు వెలిగించవద్దు.

మొదటి పని పది మిల్లీమీటర్ల కడ్డీతో గోడకు తగిలించే కొక్కెం. మొన సాగదీయడం, చదును చేయడం, వంచడం, రంధ్రం వేయడం నాలుగూ అందులో ఉన్నాయి. ఒకేలా ఉండే కొక్కేలు జతగా చేయడం చేతికి వచ్చేదాకా రెండో విడత డబ్బు తీయవద్దు. తీసినప్పుడు ముందుగా కొనవలసింది గట్టి బెంచి వైస్, నాలుగంగుళాల దవడలకు తగ్గకుండా, నేలలో పాతిన దుంగకు బిగించి. మెలి తిప్పడానికి, వంచడానికి, ఆకురాయి పట్టడానికి అది మూడో చేయి అవుతుంది. గ్యాస్ కొలిమి, బెల్టు గ్రైండరు దాని తరువాతే.